రోజుకు ఎన్ని కిలోల ఎండుగడ్డి? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం

మేనేజర్ గారికి,

మా ఆడగుర్రం మూడేళ్లుగా హైదరాబాద్ శివార్లలోని మీ శాలలో ఉంటోంది. ఒక్క నెల కూడా ఫీజు ఆలస్యం కాలేదు. నా మాట మీద ఇంకో రెండు గుర్రాలు మీ దగ్గరికి వచ్చాయి. మూడు నెలలుగా బిల్లులో ‘అదనపు మేత’ కింద 3,500 రూపాయలు వేస్తున్నారు. రోజుకు ఎన్ని కిలోల ఎండుగడ్డి వేస్తున్నారని మాత్రమే అడిగాను.

శాఖలో అడిగితే హెడ్డాఫీసుకు చేయమన్నారు. అక్కడ ఫోనెత్తినావిడ నా పేరు, గుర్రం పేరు, గది నంబరు రాసుకుని సాయంత్రానికల్లా చెప్తామన్నారు. మూడు రోజులు ఆగి మళ్లీ చేస్తే ఇంకొకాయన అవన్నీ మొదటి నుంచి రాసుకున్నారు. ఫిర్యాదు నంబరు ఇమ్మంటే శాఖలో ఇస్తారన్నారు. శాఖవాళ్లు అది హెడ్డాఫీసు పనన్నారు. వాట్సాప్‌లో పెట్టిన నాలుగు మెసేజీలకూ నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. గడువులోగా కట్టకపోతే ఫైన్ వేస్తామని అకౌంట్స్ వాళ్లు మాత్రం ఆ మర్నాడే ఫోన్ చేశారు.

చివరికి ఒకాయన, “పది కిలోలు వేస్తున్నాం మేడమ్” అని ఫోన్ పెట్టేశారు. వెళ్లి చూస్తే అది ఎండుగడ్డి కాదు, లూసర్న్ అనే పచ్చిమేత. అందులో ఐదింట నాలుగు వంతులు నీళ్లే, పది కిలోలు ఎండితే మిగిలేది రెండు. 400 కిలోల గుర్రానికి రోజూ బరువులో కనీసం ఒకటిన్నర శాతం, అంటే ఆరు కిలోల పొడిమేత పడాలి. ఎనిమిదైతే ఇంకా మంచిది. ఆ లోటును మీరు వరిగడ్డితో, ఉలవలతో పూడుస్తున్నారు. వరిగడ్డి ముతక, సత్తువ తక్కువ. నీళ్లు చాలకపోతే పేగులో ఉండకట్టి కోలిక్, అంటే కడుపునొప్పి వస్తుంది. గింజ ఎక్కువైతే పెద్దపేగులో పులిసి, ఆ దెబ్బ డెక్కల దాకా పోతుంది. మేత మార్చాలంటే పాతదాంట్లో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం పది రోజులు పట్టాలి. మీరు ఒక్క రోజులో మార్చేశారు.

మొన్న ఆదివారం లద్దె విరిచి చూశాను. చిన్న చిన్న గట్టి ఉండలు, పైన జిగురు పొర. తొట్టిలో నీళ్లు అడుగంటి, పక్కన పచ్చగా పాచి. ఈ ఎండలకు రోజుకు ముప్ఫై నలభై లీటర్లు తాగే జీవం అది. సాయంత్రం ఒక్కసారే నింపమన్నారని గుర్రాలను చూసుకునే సయిసు చెప్పాడు. అతన్ని ఏమీ అనకండి, పన్నెండు గుర్రాలకు అతనొక్కడే.

లాడాలు ఆరు వారాలకోసారి, నట్టల మందు, ధనుర్వాతం టీకా, డాక్టరు ఫీజు, అన్నీ మేమే విడిగా పెట్టుకుంటున్నాం. మేత మొత్తం నెల ఫీజులోనే అని మీ కాగితంలో ఉంది కాబట్టే, దగ్గర్లో ఇంతకన్నా చవక శాల ఉన్నా వదులుకున్నాం. ఆ కాగితం మీద మీ సంతకం ఉంది.

ఎండుగడ్డి, పచ్చిమేత వేరువేరుగా తూచి, ఆ కిలోలు రోజూ గది తలుపు దగ్గర రాయించండి. 10,500 రూపాయలు వచ్చే బిల్లులో సర్దండి. అంతకన్నా ముందు, ఫోన్‌లో విసుక్కోకుండా మాట్లాడే ఒక మనిషి పేరు, నంబరు ఇవ్వండి. పదిహేను రోజుల్లో ఇవి జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు. మూడు గుర్రాలనూ ఒకే రోజు తీసుకుపోతాం.

పదిహేను రోజుల గడువు డబ్బుకే. తొట్టి మాత్రం ఈ లేఖ అందిన పూటే కడిగించి నింపించండి.

ఇట్లు,
12వ నంబరు గది గుర్రం యజమాని