వంశావళుల లెక్కకు ఏ పాఠం ఆధారం?

సంపాదకులకు,

బైబిలు వంశావళుల్లోని వయస్సులను కూడి ఆదాము కాలాన్ని తేల్చే వ్యాసాల్లో, ఆ కూడికకు ఏ పాఠం (బైబిలు మూలం ఏ రూపం) ఆధారమో చెప్పకపోవడం పెద్ద లోపం. ఆదికాండము 5వ అధ్యాయంలో షేతు పుట్టేనాటికి ఆదాముకు యూదులు పరంపరగా భద్రపరచిన హీబ్రూ మసొరెటిక్ పాఠం ప్రకారం 130 ఏళ్లు కాగా, ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతు ప్రకారం 230 ఏళ్లు. ఇలాంటి తేడాలు పోగుపడి, సృష్టి నుంచి జలప్రళయం దాకా హీబ్రూలో 1656 ఏళ్లు, సమరయుల (యూదులకు దగ్గరి మరో ప్రాచీన మతవర్గం) పాఠంలో 1307 ఏళ్లు, గ్రీకులో 2200కు పైగా వస్తాయి. ఆర్చిబిషప్పు జేమ్స్ అషర్ 17వ శతాబ్దంలో సృష్టి సంవత్సరంగా చెప్పిన క్రీ.పూ. 4004, యూదుల పంచాంగం మొదలయ్యే క్రీ.పూ. 3761 రెండూ హీబ్రూ పాఠం నుంచే పుట్టినా ఏకీభవించవు. పారసీక పాలనాకాలాన్ని యూదు సంప్రదాయం బాగా కుదించడం అందుకు ఒక ప్రధాన కారణం.

తరాలను లెక్కించి, తరానికి సగటున ఇన్నేళ్లని వేసి కాలాన్ని తేల్చడమూ క్షేమం కాదు. మత్తయి సువార్త యెహోరాముకు, ఉజ్జియాకు మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా అనే ముగ్గురు రాజులను వదిలేసి, తరాలను పద్నాలుగేసి చొప్పున అమర్చింది.

గట్టి ఆధారం దొరికేది అష్షూరు (అస్సీరియా) శాసనాల దగ్గరే. క్రీ.పూ. 763 నాటి సూర్యగ్రహణాన్ని పేర్కొనడం వల్ల అక్కడి సంవత్సరాల జాబితా స్థిరపడింది కాబట్టి, అష్షూరు రాజు మూడవ షల్మనేసరు శాసనం ఇశ్రాయేలు రాజు అహాబును పేర్కొన్న ఖర్ఖరు యుద్ధాన్ని క్రీ.పూ. 853గా, మరో ఇశ్రాయేలు రాజు యెహూ కప్పం కట్టడాన్ని క్రీ.పూ. 841గా చెప్పగలుగుతున్నాం. అబ్రాహాముకు అలాంటి సమకాలీన సాక్ష్యం లేదు. ఆయనకు నిర్దిష్ట సంవత్సరం అచ్చువేసేటప్పుడు ఏ పాఠం, ఏ లెక్క అన్నది పక్కనే ఇవ్వాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు