చెన్నైకి వచ్చిన లెక్కల ఫాదర్ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా వెళ్లి యూనివర్సిటీల్లో లెక్కలు చెప్పి బహుమతులు తెచ్చుకున్న మనవాళ్ల గురించి మీరు తరచూ రాస్తారు, చదువుతాం, సంతోషమే. విదేశం నుంచి ఇక్కడికొచ్చి ఇక్కడే ఉండిపోయిన ఒకాయన సంగతి మాత్రం ఎప్పుడూ కనపడదు. ఆయన ఫాదర్ షార్ల్ రాసీన్, ఫ్రెంచి జెసూట్, అంటే క్రైస్తవ సన్యాసి. పారిస్‌లో ఎలీ కార్టాన్ అనే గణితవేత్త దగ్గర పరిశోధన చేసి, 1937లో ఇండియా వచ్చి, మొదట తిరుచ్చిలో, 1939 నుంచి మన లయోలా కాలేజీలో పాఠాలు చెప్పారు. 1976లో పోయేదాకా ఈ దేశంలోనే ఉన్నారు.

ఆయన చెప్పింది పీహెచ్‌డీ వాళ్లకి కాదు, ఆనర్స్ పిల్లలకి. అప్పటి మద్రాసు సిలబస్ అంతా పాత కేంబ్రిడ్జి పద్ధతి, పరీక్షలో చిక్కు లెక్క తెమిల్చేస్తే చాలు. ఈయనేమో ఆంద్రే వెయిల్, ఆన్రీ కార్టాన్ (ఎలీగారబ్బాయి) లాంటి గణితవేత్త స్నేహితులు ఫ్రాన్స్‌లో చేస్తున్న కొత్త గణితాన్ని క్లాసులోకి తెచ్చి, చురుకైన వాళ్లని లెక్కల్లో పరిశోధన చేయించే బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లమని వెంటపడేవారు. అలా 1953లో వెళ్లినవాళ్లే ఎం.ఎస్. నరసింహన్, సి.ఎస్. శేషాద్రి. 1965లో వాళ్లు నిరూపించిన సిద్ధాంతాన్ని ప్రపంచమంతా ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తుంది. మన చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆ శేషాద్రిగారే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్ చదువుతోంది, కాలేజీ పేరు వద్దులెండి. వాళ్ల సార్ గెస్ట్ లెక్చరర్. పీరియడ్‌కి ఇంత అని ఇస్తారు, సెలవుల్లో అదీ లేదు, సాయంత్రం ట్యూషన్లు చెప్పుకుంటే గానీ ఇల్లు గడవదు. పాఠం బాగానే చెబుతాడు పాపం, కానీ వచ్చే సెమిస్టర్‌కి ఉంటాడో లేడో ఆయనకే తెలీదు. ఏ పిల్లకి దేంట్లో ఒడుపు ఉందో కనిపెట్టాలంటే ఒకే మనిషి కొన్నేళ్లు చూడొద్దూ? రాసీన్‌గారు సన్యాసి కాబట్టి జీతం బెంగ లేకపోయింది, లెక్చరర్లందర్నీ సన్యాసం పుచ్చుకోమనలేం కదా!

కాబట్టి మీ విలేకరిని పంపి, నగరంలోని డిగ్రీ కాలేజీల మ్యాథ్స్ డిపార్ట్‌మెంట్లలో పర్మనెంట్ పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని, గెస్టులతో నెట్టుకొస్తున్నవి ఎన్ని అనేది కాలేజీ వారీగా వేయండి. అడ్మిషన్లు మొదలయ్యేలోపు వేస్తే ఫీజు కట్టే మాకూ పనికొస్తుంది.

— ఒక పాఠకురాలు, చూళైమేడు, చెన్నై