మంచం పక్కన ఉండే మనిషికి పని నేర్పించండి: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి దామోదర రాజనర్సింహ గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో సర్కారు బడి టీచర్ని. నిరుడు దసరాకు ముందు మా అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మింగడం ఆగిపోయింది. 12 రోజులు ఆసుపత్రిలో ఉంచి, ముక్కులో గొట్టం, పక్కన మూత్రం సంచితో ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితాల్లో రెండు పేజీల మందులున్నాయి. మనిషిని ఎలా చూసుకోవాలో ఒక్క ముక్క లేదు.

నాకు బడి ఉంది, తమ్ముడు పుణెలో ఉంటాడు. చౌరస్తా దగ్గర గోడకు అంటించిన పోస్టర్ చూసి రోగిని చూసుకునే మనుషుల్ని ఇళ్లకు పంపే ఒక బ్యూరోకు ఫోన్ చేశాం. "ట్రైనింగ్ అయిన నర్సును పంపుతాం మేడం, టెన్షన్ పడకండి" అన్నారు. ఫీజు 3 వేలు, నెలకు 18 వేలు. సాయంత్రానికి ఒక అమ్మాయి వచ్చింది. ములుగు జిల్లాలో మారుమూల ఊరు, ఇంటర్ మధ్యలో ఆగిపోయింది, అంతకుముందు బట్టల షాపులో చేసింది. ఇవన్నీ మాకు తర్వాత తెలిసినవి. ఆ రోజు మేం అడిగింది ఆధార్ జిరాక్స్ ఒక్కటే.

నాలుగో రోజు బడి నుంచి వచ్చేసరికి అమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. ఆ అమ్మాయి గొట్టంలో జావ పోస్తోంది. అమ్మకు దగ్గు ఆగడం లేదు. పొలమారిందేమో అనుకుని ఆమె ఇంకా కొంచెం నీళ్లు పోసింది. మర్నాడు జ్వరం, ఆ తర్వాత ఆయాసం. మళ్లీ ఆసుపత్రి. జావ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా అయిందని డాక్టర్ చెప్పారు. గొట్టంతో పట్టేటప్పుడు తల వైపు ఎత్తి ఉంచాలని, పట్టాక కనీసం అరగంట అలాగే ఉంచాలని, దగ్గు వస్తే వెంటనే ఆపాలని అప్పుడు తెలిసింది. ఆమెకూ, నాకూ ఒకేసారి.

కోపంతో నేను ఆ అమ్మాయిని నానా మాటలూ అన్నాను. ఆమె ఏడుస్తూ, "అక్కా, నాకు ఎవ్వరు నేర్పలే. పోయి పేషెంటు కాడ కూసో, టైముకు మాత్రలియ్యి అన్నరు, గంతే" అంది. మేమిచ్చే 18 వేలల్లో ఆమె చేతికి వచ్చేది 10 వేలు. రాత్రీ పగలూ డ్యూటీ, నెలకు ఒక్క సెలవు. ఆ మాట విన్నాక ఆమెను పంపించబుద్ధి కాలేదు. పంపిస్తే బ్యూరో ఇంకో అలాంటి పిల్లనే పంపేది, ఈమెను ఇంకో మంచం దగ్గరికి పంపేది.

మా వీధిలోనే సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన ఒక పెద్దావిడ ఉన్నారు. అమ్మ మళ్లీ ఇంటికొచ్చాక ఒక ఆదివారం ఆమెను పిలిచాం. వస్తూనే అమ్మను పక్కకు తిప్పి నడుం కింద చూశారు. రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. వేలితో నొక్కితే రంగు మారలేదు. "ఇది పుండుకు మొదలు" అన్నారు. ఒక పాత దుప్పటిని నాలుగు మడతలు పెట్టి అమ్మ కింద భుజాల నుంచి తొడల దాకా పరిపించి, ఆ అమ్మాయిని ఒక వైపు, నన్ను ఒక వైపు నిలబెట్టారు. "మనిషిని గుంజకు బిడ్డా, బట్టను గుంజు. మనిషిని గుంజితే తోలు చీలుతది." రెండు గంటలకోసారి పక్క మార్చడం, మోకాళ్ల మధ్య దిండు పెట్టడం, మూత్రం సంచి ఎప్పుడూ మంచం కంటే కిందనే వేలాడదీయడం అన్నీ చేసి చూపించారు. అన్నట్టు, అంతవరకూ ఆ సంచిని మేం జాగ్రత్త అనుకుని అమ్మ పక్కనే పరుపు మీద పెట్టేవాళ్లం. ఒక్క మధ్యాహ్నం నేర్పితే ఆ అమ్మాయి చేతులే మారిపోయాయి. వారం పది రోజుల్లో మచ్చ పోయింది.

మంత్రి గారూ, మన ఊళ్లో మందుల షాపు పెట్టాలంటే ఫార్మసిస్టు ఉండాలి, ఆ సర్టిఫికెట్ గోడకు కనబడాలి. క్లినిక్ పెడితే జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసులో రిజిస్టర్ కావాలి. అదే మాత్రను, అదే గొట్టాన్ని, నోరు లేని మనిషిని ఇంట్లో 24 గంటలూ ఒక మనిషి చేతిలో పెట్టే బ్యూరోకు ఒక ఫోన్ నంబరు, నాలుగు పోస్టర్లు ఉంటే చాలు.

కోర్సు లేక కాదు. హోమ్ హెల్త్ ఎయిడ్ పేరుతోనే కేంద్ర నైపుణ్య వ్యవస్థలో కోర్సు ఉంది, సిలబస్ ఉంది. కరోనా టైంలో, 2021 జూన్‌లో, కేంద్రం ఆరు రకాల పనులకు క్రాష్ కోర్సులు పెట్టినప్పుడు వాటిలో ఇంటి దగ్గర రోగిని చూసుకునే పని కూడా ఉంది. ఇళ్లకు మనుషుల్ని పంపే సంస్థలకు రిజిస్ట్రేషన్ పెట్టాలని తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఢిల్లీ కోసం చూడకుండా రాష్ట్రమే ఈ పని మొదలుపెట్టాలని నా విన్నపం.

ముందు బ్యూరోలను డీఎంహెచ్‌ఓ దగ్గర రిజిస్టర్ చేయించండి. ఎవరిని పంపుతున్నారు, ఏం నేర్పారు, మేమిచ్చే డబ్బులో ఆమెకు ఎంత ముడుతోంది, రాతలో ఉండాలి. నర్సింగ్ చదవని మనిషిని నర్సు అని పంపడం ఆపించండి. పోలీసు వెరిఫికేషన్ తప్పనిసరి చేయండి. ఇది రెండు వైపులా కావాలి. ముక్కూమొహం తెలియని ఇంట్లో రాత్రి పడుకునే ఆడపిల్లకూ భయం ఉంటుంది. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఇళ్లకు కూడా వర్తిస్తుంది. ఫిర్యాదు తీసుకునే కమిటీ జిల్లాలో ఉంటుందని ఆమెకు పనిలో చేరే రోజే చెప్పేవాళ్లు కావాలి.

ట్రైనింగ్ అంటే మాత్రం ప్రొజెక్టర్ ముందు కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇచ్చేది కాకూడదు. టీచర్‌గా చెప్తున్నాను, చేతితో చేసే పని చేతికే నేర్పాలి. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, జిల్లాల్లో సర్కారు ఆసుపత్రులు ఉన్నాయి. వార్డుల్లో అనుభవం ఉన్న నర్సులు, రిటైరైన సిస్టర్లు ఉన్నారు. ఇంటింటికీ వెళ్లి మంచాన పడ్డవాళ్లను చూస్తున్న పాలియేటివ్ కేర్ టీములు మీ శాఖలోనే ఉన్నాయి. వాళ్ల పక్కన నిలబెట్టి పక్క మార్చడం, గొట్టంతో పట్టడం, పొలమారినప్పుడు ఏం చేయాలో చేయించి, వచ్చాకే పాస్ చేయండి. మహిళా సంఘాలు ఇప్పుడు క్యాంటీన్లు నడుపుతున్నాయి, బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నాయి. ఈ పనిని కూడా సంఘాల చేతికిస్తే ములుగు, భూపాలపల్లి ఆడపిల్లల జీతంలో దాదాపు సగం మధ్యలో పోదు.

ఇంకో చిన్న మాట. డిశ్చార్జి అయ్యే ముందు ఇంట్లో చూసుకోబోయే మనిషిని పిలిచి గంటసేపు నేర్పి పంపమని ప్రతి ఆసుపత్రికీ ఒక సర్క్యులర్ ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క గంట ఉంటే మా అమ్మకు రెండోసారి ఆసుపత్రి తప్పేది.

అమ్మ ఇప్పుడు చెంచాతో తింటోంది. ఆ అమ్మాయి పోయిన నెల కాజీపేటలో ఇంకో ఇంటికి వెళ్లింది. వెళ్లే రోజు బ్యాగు సర్దుకుని, కాస్త మొహమాటంగా అడిగింది. "అక్కా, నాకు ఈ పనంత వచ్చు అని ఒక కాయితం రాసిస్తవా? కొత్త ఇంటోళ్లకు చూపెడ్త."

తెల్ల కాగితం మీద నాకు తెలిసినంత రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమెకు పరీక్ష పెట్టి ఆ కాగితం మీ శాఖ ఇవ్వాలి సార్.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
హనుమకొండ