సుబ్బుకి ఉత్తరం: ముందు హరికథలు, తర్వాతే బ్యాకప్

హైదరాబాద్,
ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. ఫోన్లో నీ కంగారుకి సగమే అర్థమైంది, ఫోటోలు చూశాక మిగతాది తెలిసింది. నీది ఒక్క సమస్య కాదురా. మూడు వేరువేరు సమస్యలు ఒకేసారి వచ్చిపడ్డాయి: పెళ్ళి వీడియో పెన్ డ్రైవ్‌లోకి ఎక్కకపోవడం, హార్డ్ డిస్క్‌కి బ్యాకప్ మధ్యలో ఆగిపోవడం, రోజూ జరుగుతున్నట్టు కనిపించే బ్యాకప్‌లో హరికథలు లేకపోవడం. నువ్వు మూడింటినీ ఒకటే అనుకుని కుస్తీ పడుతున్నావు, అందుకే ఏదీ ఓ కొలిక్కి రావట్లేదు. ఎవరో విండోస్ మళ్ళీ వేసేయమన్నారన్నావు చూడు, ఆ పని మాత్రం ఇప్పుడు చచ్చినా చెయ్యకు. క్యాసెట్ల నుంచి ఎక్కించిన నాన్నగారి హరికథలు ప్రస్తుతం ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉన్నాయి. రెండో కాపీ చేతిలో పడేదాకా దాని జోలికి ఎవర్నీ రానివ్వకు.

కాబట్టి బ్యాకప్‌ని బాగుచెయ్యడం కాసేపు పక్కన పెట్టు. ఈ ఉత్తరం చదవడం ఆపి, డీ డ్రైవ్‌లో ఉన్న హరికథల ఫోల్డర్ని మామూలు కాపీ, పేస్ట్‌తో ఆ 32 జీబీ పెన్ డ్రైవ్‌లో వెయ్యి. పట్టదేమో అని అనుమానం అక్కర్లేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే గంట కథకి 60 ఎంబీ కూడా అవ్వదు. ఆ లెక్కన పెన్ డ్రైవ్‌లో ఖాళీ ఉన్న ఇరవై జీబీలోనే మూడొందల గంటల పైన పడతాయి. అయ్యాక పాప ల్యాప్‌టాప్‌లో కూడా ఇంకో కాపీ పెట్టు. ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, ఏ సెట్టింగూ వద్దు. అది అయ్యాకే మిగతా ఉత్తరం చదువు, నిజంగా చెప్తున్నాను.

అయిందా? ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం.

చెల్లాయి పెళ్ళి వీడియో సంగతి ముందు తేల్చేస్తాను, అది అన్నిటికంటే తేలిక. పెన్ డ్రైవ్‌లో ఇరవై జీబీ పైన ఖాళీ ఉన్నా వీడియో ఎక్కట్లేదని, పెన్ డ్రైవ్ పాడైందని అన్నావు. పాడవలేదు. అది ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది. ఆ పద్ధతిలో ఒక్కో ఫైల్ 4,29,49,67,295 బైట్లు, అంటే 4 జీబీకి ఒక్క బైటు తక్కువ, దాటకూడదు. మొత్తం ఖాళీ ఎంతున్నా సరే, ఒక్క ఫైల్ అంతకంటే పెద్దదైతే తీసుకోదు. నీ ఫోటోలో ఉన్న మెసేజ్ కూడా సరిగ్గా అదే చెప్తోంది, ఫైల్ మరీ పెద్దదని. ఇప్పుడు హరికథలు అందులోనే ఉన్నాయి కాబట్టి దాన్ని ఫార్మాట్ చెయ్యకు. వీడియో పెద్ద హార్డ్ డిస్క్‌లోకే వెళ్ళాలి, అది ఎన్‌టీఎఫ్ఎస్ అనే వేరే పద్ధతిలో ఉంది, దానికి ఈ గొడవ లేదు. పెన్ డ్రైవ్‌లోనే కావాలని అమ్మ అడిగితే 64 జీబీది కొను. అవి మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి, ఎంత పెద్ద వీడియో అయినా పడుతుంది.

ఇక అసలు భయపడాల్సింది రెండోది. హార్డ్ డిస్క్‌కి బ్యాకప్ మధ్యలో ఆగిపోయి 0ఎక్స్8007045డి అని చూపిస్తోంది కదా. ఆ అంకెలు చూసి బెంబేలెత్తకు, వాటిని చదవడం నేర్చుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. 8007తో మొదలైందంటే అది విండోస్‌లో మామూలుగా ఉండే పొరపాటు నంబరే, వేషం మార్చుకుని వచ్చింది. చివరి నాలుగూ తీసుకో: 045డి. కాలిక్యులేటర్లో ప్రోగ్రామర్ మోడ్ పెట్టి, హెక్స్‌లో అది కొడితే డెసిమల్లో 1117 అని వస్తుంది. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్ హెల్ప్‌మెసేజ్ 1117 అని కొట్టు. స్పెల్లింగ్‌లో మెసేజ్‌కి ఎం, ఎస్, జి మూడక్షరాలే ఉండాలి, హెల్ప్‌కి అతికించి రాయాలి. డివైస్‌తో డేటా ఇచ్చిపుచ్చుకోవడంలో లోపం వచ్చిందని మామూలు ఇంగ్లీషులో అదే చెప్తుంది. ఇదే పద్ధతిలో చివర 0070 వస్తే 112, అంటే డిస్క్ నిండిపోయింది. 0005 వస్తే పర్మిషన్ లేదు. ఈ మూడింటికీ చెయ్యాల్సిన పనులు పూర్తిగా వేరు. అది తెలియకే నువ్వు పర్మిషన్లు మార్చుకుంటూ, పాత బ్యాకప్‌లు చెరిపేసుకుంటూ కూర్చున్నావు. దయచేసి ఇంకేమీ చెరపకు.

డివైస్ అన్నాడు సరే, ఏ డివైస్? బ్యాకప్ అంటే ఒక డిస్క్ నుంచి చదవడం, ఇంకో డిస్క్ మీద రాయడం. ఈ రెండిట్లో ఏది మొరాయించినా అదే నంబరు వస్తుంది. అందరూ బయట తగిలించిన డిస్క్‌నే అనుమానిస్తారు, కంప్యూటర్ లోపలిది దొంగ అయ్యే అవకాశం కూడా అంతే ఉంది. దీన్ని తేల్చడానికి, కంప్యూటర్లో జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్ తెరువు. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. బ్యాకప్ ఆగిన టైమ్ దగ్గర ఎర్ర గుర్తుతో డిస్క్ అని, నంబరు 7 అని ఉందేమో చూడు. ఉంటే ఆ డివైస్‌లో బ్యాడ్ బ్లాక్ ఉందని రాసి ఉంటుంది. ఆ వాక్యంలోనే హార్డ్‌డిస్క్0 అనో, హార్డ్‌డిస్క్1 అనో కూడా ఉంటుంది. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్‌కి వెళ్ళి డిస్క్ 0 ఏది, డిస్క్ 1 ఏది అని సరిచూడు. మామూలుగా 0 లోపలిది అయి ఉంటుంది గానీ, ఊహించకు, చూసే చెప్పు.

బయటిది అని తేలితే ముందు ఖర్చు లేని పనులు చెయ్యి. దాన్ని ముందు వైపు పోర్టుకి, అదీ ఆ పాత హబ్ మీదుగా తగిలించావు, ఫోటోలో కనిపిస్తోంది. ఇలాంటి చిన్న డిస్క్‌లకి వేరే అడాప్టర్ ఉండదు, కరెంటంతా ఆ కేబుల్ లోంచే రావాలి. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3 అయితే 900. హబ్‌లో కీబోర్డు లాంటివీ, ఇదీ కలిసి ఆ కాస్తనే పంచుకుంటుంటే బ్యాకప్ మొదలై పెద్ద ఫైల్ వచ్చేసరికి డిస్క్ నీరసపడిపోతుంది. వెనక వైపు, మదర్‌బోర్డుకే ఉన్న నీలం రంగు పోర్టుకి నేరుగా తగిలించు. కేబుల్ కూడా మార్చి చూడు, పొట్టిదైతే మేలు.

దానికీ తగ్గకపోతే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాం వేసుకో. పైన డిస్క్ ఆరోగ్యం నీలంలో ఉంటే బాగున్నట్టు, పసుపు అయితే జాగ్రత్త పడాలి, ఎరుపు అయితే ఆశ వదులుకోవాలి. కానీ రంగు ఒక్కటే చూసి ఊరుకోకు. కింద జాబితాలో 05, సీ5, సీ6 అనే మూడు వరుసలు వెతికి, చివరి గడిలో ఉన్న అంకె చూడు. 05 అంటే డిస్క్ ఇప్పటికే పాడైన చోట్లని వదిలేసి వేరే చోటు వాడుకున్న లెక్క. సీ5 అంటే చదవడానికి తంటాలు పడుతూ, ఏ సంగతీ ఇంకా తేలని చోట్లు. సీ6 అంటే అసలు చదవలేకపోయిన చోట్లు. మూడూ సున్నాలైతే ఊపిరి పీల్చుకో. సీ5 సున్నా కాకపోతే, అదీ రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్క్‌ని బ్యాకప్‌కి నమ్మొద్దు. కొత్తది కొనెయ్యి, ఆలోచించకు.

ఒకవేళ ఆ అంకె కంప్యూటర్ లోపలి డిస్క్‌దైతే ఇంకో జాగ్రత్త ఉంది. ఎవరైనా డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్ కమాండ్ నడపమంటారు, అదీ ఆర్ స్విచ్‌తో. ముందే నడపకు. అది డిస్క్ మొత్తాన్నీ గంటల తరబడి చదివిస్తుంది, కొనప్రాణంతో ఉన్న డిస్క్ ఆ పనిలోనే పోయే ప్రమాదం ఉంది. ముందు పనికొచ్చేవన్నీ బయటికి తీసుకుని, ఆ తర్వాత దానికి ఏ వైద్యమైనా చెయ్యొచ్చు.

మూడోది చెప్తాను. ఇది అన్నిటికంటే దారుణం, ఎందుకంటే దీనికి ఎర్ర అక్షరాలు కూడా రావు. విండోస్‌తో పాటే వచ్చే బ్యాకప్ సదుపాయం ఫైల్ హిస్టరీ ఆన్‌లో ఉంది, రోజూ పనిచేస్తున్నట్టు చూపిస్తోంది, తీరా చూస్తే హరికథలు ఒక్కటీ అందులో లేవన్నావు. దానికి మొదటి కారణం, అది తనంతట తాను మొత్తం కంప్యూటర్ని కాపాడదు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్ లాంటి ఫోల్డర్లనే చూసుకుంటుంది. నువ్వు హరికథలు డీ డ్రైవ్‌లో విడిగా పెట్టావు, అది దాని జాబితాలో లేనే లేదు. విండోస్ 10 అయితే సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, బ్యాకప్, మోర్ ఆప్షన్స్ దాకా వెళ్ళి యాడ్ ఎ ఫోల్డర్ నొక్కి ఆ ఫోల్డర్ని చేర్చు.

చేర్చాక కూడా కొన్ని ఫైళ్ళు రాకపోవచ్చు. వాటి పేర్లు చూశాను, నువ్వు ఎంత శ్రద్ధగా పెట్టావో తెలుస్తోంది. కథ పేరు, ఊరు, పందిరి ఎవరిది, శ్రీరామనవమా దసరాయా, హార్మోనియం ఎవరు, మృదంగం ఎవరు, అన్నీ తెలుగులో ఒకే పేరులో రాశావు. చదువుతుంటే ముచ్చటేసింది. కానీ డ్రైవ్ పేరు నుంచి ఫైల్ పేరు చివరి దాకా మొత్తం చిరునామా 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా ప్రోగ్రాములు ఆ ఫైల్ని ముట్టుకోవు. పైగా ఆ లెక్క మన కంటికి కనిపించే అక్షరాలది కాదు. ‘రుక్మిణీ కల్యాణం’ తీసుకో. మనకి ఆరక్షరాలూ, మధ్యలో ఓ ఖాళీ. కంప్యూటర్ మాత్రం గుణింతాన్నీ, పొల్లునీ, సున్నానీ విడివిడిగా లెక్కపెడుతుంది. క్మి ఒక్కటే దానికి నాలుగు: క, పొల్లు, మ, గుడి. అలా కలిపితే ఆ పేరు పదహారు అవుతుంది. దానికి తోడు ఫైల్ హిస్టరీ ప్రతి కాపీ పేరు చివరా బ్రాకెట్లో తేదీ, టైమ్, యూటీసీ అని తగిలిస్తుంది, అదో ఇరవై ఆరు. బ్యాకప్ డిస్క్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ అని తన దారి తాను వేసుకుంటుంది, అదింకా అదనం. నీ దగ్గర సరిపోయిన పేరు అక్కడికి వెళ్ళేసరికి హద్దు దాటిపోతుంది. (యూటీసీ అంటే అంతర్జాతీయ టైమ్, అది మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. సాయంత్రం తీసిన కాపీకి మధ్యాహ్నం టైమ్ ఉందేమిటని గాభరా పడకు.)

అందుకని వివరాలు పోగొట్టుకోకుండా ఒక పని చెయ్యి. ఫైల్ పేరులో కథ పేరూ, ఊరూ, సంవత్సరమూ మాత్రం ఉంచు. మిగతాదంతా అదే ఫోల్డర్లో ఒక ఎక్సెల్ షీట్లో రాసుకో. పేర్లు మార్చేది మాత్రం పెన్ డ్రైవ్ కాపీ పదిలంగా ఉందని చూసుకున్నాకే.

వన్‌డ్రైవ్‌లో వేసేస్తే పోలేదా అని చెల్లెమ్మ అడిగిందన్నావు. మంచి ప్రశ్నే. వెయ్యండి, కానీ అదొక్కటే చాలనుకోవద్దని చెప్పు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటుంది, తర్వాత దిక్కులేదు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. గూగుల్ వాళ్ళది 15, అందులోనే మెయిలూ ఫోటోలూ కూడా పట్టాలి. ఇంకో మెలిక, ఫైల్ పక్కన మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైల్ నీ కంప్యూటర్లో లేనట్టే, పేరు మాత్రమే ఉంది. అలాంటి దాని మీద కుడి క్లిక్ చేసి ఎప్పుడూ ఈ కంప్యూటర్లోనే ఉంచు అన్న మాట ఎంచుకుంటే దిగి, అక్కడే ఉంటుంది.

పీటర్ క్రోగ్ అని ఒక అమెరికన్ ఫోటోగ్రాఫర్ చెప్పిన లెక్క ఉంది, మూడు, రెండు, ఒకటి. మొత్తం మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, కనీసం ఒకటి ఇంటి బయట. నీకైతే కంప్యూటర్లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, కాకినాడలో చెల్లాయి ఇంట్లో ఒకటి. పండగలకి ఎలాగూ వెళ్తావు, వెళ్ళినప్పుడల్లా ఆ పెన్ డ్రైవ్ తెచ్చి, కొత్తవి వేసి, మళ్ళీ ఇచ్చి రా. ఇంట్లో ఉండే హార్డ్ డిస్క్‌ని పని అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టు. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్, దానికి కూడా తాళం వేసేస్తుంది. 2017 మేలో వానాక్రై అనే అలాంటి వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి, గుర్తుందా? మీ వీధిలో కరెంటు పోయొచ్చే తీరుకి కూడా ఊడదీసి ఉంచడమే మంచిది.

ఇంకొకటి మాత్రం గట్టిగా చెప్తాను. బ్యాకప్ పూర్తయింది అని ఆకుపచ్చ టిక్కు కనిపిస్తే అక్కడితో వదిలెయ్యకు. హార్డ్ డిస్క్‌ని పాప ల్యాప్‌టాప్‌కి తగిలించి, ఓ రెండు మూడు కథలు దాని లోంచే వాయించి చూడు. మొదలు ఒక్కటే కాదు, మధ్యలోకి వెళ్ళు, చివరికి వెళ్ళు. మంగళం పాడి చిడతలు ఆపేదాకా వినిపించాలి. సగంలో తెగిన కాపీలు మొదటి నిమిషం బ్రహ్మాండంగా పాడతాయి, అందుకే చెప్తున్నాను. తర్వాత రెండు చోట్లా ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్యా, బైట్లూ సరిపోయాయేమో చూడు. ఫైల్ హిస్టరీ లోంచి వెనక్కి తెచ్చి చూడాలనుకుంటే పాత చోటికి కాకుండా వేరే ఫోల్డర్లోకి తెప్పించు, ఉన్నదాని మీద పడకుండా ఉంటుంది.

క్యాసెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు, పారెయ్యకు. ఎంపీ3 చేసేశాం కదా అని అమ్మ అటక ఖాళీ చేయిస్తుందేమో, నేను వద్దన్నానని చెప్పు. రేపు ఇంకా మంచి డెక్ దొరికితే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. నాన్నగారి గొంతు అందులో ఉన్నంత నిండుగా ఎంపీ3లో రాలేదని నాకు ఎప్పటినుంచో ఉంది.

నువ్వు ముందు ఈవెంట్ వ్యూయర్లో ఆ హార్డ్‌డిస్క్ నంబరూ, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో రెండు డిస్కుల సీ5 వరుసా ఫోటో తీసి పంపు. డిస్క్ కొనాలా వద్దా అన్నది అవి చూశాక ఇద్దరం కలిసి తేలుద్దాం. రాత్రి తొమ్మిది దాటాక ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, కంప్యూటర్ ముందు కూర్చునే చెయ్యి. అమ్మకి నమస్కారాలు, పాపకి ముద్దులు.

నీ
రాఘవ