విశాఖ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

మాది పెదజాలరిపేట. మా నాన్న 44 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. ఆ తెల్లవారుజామున వేట నుంచి వచ్చి, పడవ పక్కన ఇసుకలో చతికిలబడిపోయారు. వలతాడు చేతిలోనే ఉంది. పిల్లలకూ పరీక్షలు చేయించమని అప్పుడు ఎవరూ చెప్పలేదు. మొన్న మా అన్నయ్యకు 41కే స్టెంట్ వేశారు.

గుండెజబ్బు వంశపారంపర్యంగానూ వస్తుంది. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యులోపం మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో ఉందని 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి తేల్చారు. అమెరికాలో డాక్టర్ హెలెన్ హాబ్స్ బృందం డల్లాస్‌లో నల్లజాతివారిని పెద్ద సంఖ్యలో పరీక్షించింది. చెడు కొలెస్ట్రాల్‌ను పుట్టుకతోనే తగ్గించే పీసీఎస్‌కే9 జన్యు మార్పులు అలా బయటపడ్డాయి. ఆ దారిలోనే కొత్త మందులొచ్చాయి. మరి మా రక్తం ఎవరు పరీక్షిస్తారు?

చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారి తోబుట్టువులకు, పిల్లలకు కొలెస్ట్రాల్, లైపోప్రోటీన్-ఎ (వంశపారంపర్యంగా వచ్చే, గుండెజబ్బు ముప్పు పెంచే ఒక రకం కొవ్వు) పరీక్షలు ఉచితంగా చేయించండి. రెండోది చాలామందికి జీవితంలో ఒక్కసారి చేస్తే చాలు. ఆంధ్రా మెడికల్ కాలేజీ పరిశోధనల్లో మత్స్యకారులకూ చోటు ఇప్పించండి.

నా కొడుక్కి పదహారేళ్లు. వాడు ఆయాసపడితే చాలు, నాకు టెన్షన్. ఈ పరీక్షల శిబిరం ఏ రోజు పెడతారో ముందుగా చెప్పండి, ఆ రోజు వేటకు వెళ్లకుండా ఆగుతాం.

ఇట్లు,
పెదజాలరిపేట మత్స్యకారుడు