హోమ్ అంటే హోంమంత్రి కాదండీ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: మీ యాప్‌లో కొన్న ఆడియో పుస్తకంలో తప్పులు

నమస్కారం. బ్రిటన్ మాజీ ప్రధాని అలెక్ డగ్లస్-హోమ్ జీవితచరిత్ర అని కనిపిస్తే 299 రూపాయలు కట్టి విన్నాను. క్రికెట్ పిచ్చి వల్ల ఆయన గురించి కొంత తెలుసు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడిన బ్రిటన్ ప్రధాని ఆయనొక్కరే, మొత్తం 10 మ్యాచ్‌లు. మీ పుస్తకంలో బ్యాటు ఊసే లేదు. సరే, అది మీ ఇష్టం.

రెండో అధ్యాయంలో "హోంమంత్రి డగ్లస్" అని వినపడింది. నోరు జారిందేమో అనుకున్నాను. కాఫీ చల్లారేలోపు ఏడుసార్లు అదే మాట. ఆయన ఎన్నడూ హోంమంత్రి కాదండీ. హోమ్ అనేది ఆ వంశానికి ఉన్న పేరు, బిరుదు కూడా. ఆయన 14వ ఎర్ల్ ఆఫ్ హోమ్. పైగా దాన్ని వాళ్ళు 'హ్యూమ్' అని పలుకుతారు. ఆయన చూసింది విదేశాంగ శాఖ, అదీ రెండుసార్లు.

అసలు కథంతా 1963 అక్టోబర్‌లో ఉంది. అప్పటి ప్రధాని మాక్మిలన్ అనారోగ్యంతో దిగిపోతే ఈయన ప్రధాని అయ్యారు. అప్పటికి పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభలో ఉన్నారు. ప్రధాని దిగువ సభ కామన్స్‌లో లేకపోతే నడిచే రోజులు కావు. అందుకే కామన్స్‌కు వెళ్ళడానికి అడ్డుగా ఉన్న బిరుదు వదులుకుని ఉప ఎన్నికలో నిలబడి గెలిచారు. మధ్యలో సుమారు రెండు వారాలు దేశ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు! బిరుదు వదులుకునే వీలు కల్పించిన చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడింది లేబర్ పార్టీ టోనీ బెన్. ఆయన తవ్విన బావిలో ఈయన నీళ్ళు తోడుకున్నారన్నమాట. ఇంత రసవత్తరమైన ఘట్టాన్ని మీవాళ్ళు "వారసత్వంగా ప్రధాని అయ్యారు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

1964 ఎన్నికల్లో లేబర్ నాయకుడు విల్సన్ చేతిలో ఓడిపోవడంతో పుస్తకం ఆపేశారు. 1970లో హీత్ ప్రభుత్వంలో మళ్ళీ విదేశాంగ మంత్రిగా వచ్చి 1974 దాకా ఉన్న సంగతి ఎక్కడికి పోయింది? వెన్నెముకకు క్షయ సోకి రెండేళ్ళు పిండికట్టుతో మంచం మీద ఉన్న మనిషి అంత దూరం వచ్చారు, అదీ చెప్పలేదు.

మీ చాట్‌లో ఇదంతా రాస్తే "ఫోన్ రీస్టార్ట్ చేసి చూడండి" అని జవాబొచ్చింది. చేశాను. ఇంకా హోంమంత్రే.

నా 299 రూపాయలు వెనక్కి ఇవ్వండి. తప్పులు సరిదిద్దేదాకా ఆ పుస్తకాన్ని అమ్మకం నుంచి తీసేయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, రెండో అధ్యాయం ఆడియో క్లిప్ దీంతోపాటు పంపుతున్నాను.

ఇట్లు,
మీ చందాదారుడు