ఎంట్రీ ఫ్రీ సరే, లోపలికి వెళ్ళేదెలా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డిసెంబర్ 3 వచ్చిందంటే అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం ఫొటోలు పేపర్లో వస్తాయి కదా, 1992లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన రోజు అది. చాలాచోట్ల జరిగే తంతు ఒకటే, వేదిక మీద పెద్దల ప్రసంగాలు, కింద ఎండలో వీల్‌చైర్లలో కూర్చున్నవాళ్ళు, చివర్లో ఓ గ్రూప్ ఫొటో. దాని బదులు పిల్లాపాపలతో అందరూ వచ్చి ఆడిపాడి వెళ్ళేలా ఉచితంగా, పండగలా కొందరు చేస్తున్నారు, నాకైతే ఈ పద్ధతే నచ్చింది. హక్కుల మీద ఉపన్యాసం విన్న పిల్లాడికి ఏం గుర్తుంటుందో గానీ, వీల్‌చైర్‌లో ఉన్న పిల్లతో ఒక పూట బాల్ ఆడినవాడికి ఆ పిల్ల పేరు గుర్తుంటుంది.

కాకపోతే "అందరికీ ఉచితం, అందరూ రండి" అని బ్యానర్ కట్టేసి ఊరుకుంటే సరిపోదండి. గేటు దగ్గర టికెట్ లేదు నిజమే, కానీ బస్సెక్కలేని మనిషి బండి మాట్లాడుకుని, తోడుగా ఇంకొకర్ని వెంటబెట్టుకుని రావాలి, ఆ ఖర్చు మాటేంటి? తీరా వచ్చాక టాయ్‌లెట్ ముందు మెట్టు ఉంటుంది, ఇంక ఆ పూటంతా మంచినీళ్ళు ముట్టకుండా కూర్చోవడమే. బయటికి చెప్పుకునే విషయం కాదు కాబట్టి ఎవరికీ తట్టదు.

ఇక ర్యాంప్. చెక్క పలక ఒకటి ఏటవాలుగా పడేసి ర్యాంప్ వేశాం అంటారు. అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు ఉండాలని లెక్క, అంటే మూడడుగుల వేదికకి 36 అడుగులు కావాలి. అంత జాగా ఎక్కడిది అంటారా, అసలు వేదికే వద్దు, నేల మీదే కానివ్వండి, పెద్దలకీ కాస్త అలవాటవుతుంది!

సైగల భాషలో చెప్పేవాళ్ళని పిలుస్తారు, సంతోషం, కానీ ఓ మూల నిలబెట్టి, వీడియో వేసేటప్పుడు లైట్లన్నీ ఆర్పేస్తారు, చీకట్లో ఆ చేతులు ఎవరికి కనబడతాయి? చెవులు చిల్లులు పడే సౌండ్‌కి ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు తట్టుకోలేరు, స్పీకర్లకి దూరంగా ప్రశాంతంగా ఓ గది ఉంచితే ఆ అమ్మానాన్నలు వచ్చిన పదినిమిషాలకే ఇంటిదారి పట్టక్కర్లేదు. అసలు ఏర్పాట్ల కమిటీలో మొదటి మీటింగ్ నుంచే వికలాంగులు ఉంటే ఈ తిప్పల్లో సగం ఉండవు.

ఇదేమీ దయతో చేసేది కూడా కాదు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 30వ ఆర్టికల్ దీని గురించే, కళలు, ఆటలు, వినోదం అందరితో సమానంగా అందాలని. మనం చదువు, ఉద్యోగం, పింఛను దాకా మాట్లాడతాం, సరదా దగ్గరికొచ్చేసరికి వాళ్ళకెందుకులే అన్నట్టు ఊరుకుంటాం. ప్రపంచంలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా, మరి మన ఫంక్షన్లలో అంతమంది కనిపిస్తున్నారా?

మీకు ఒక్క విన్నపం. ఇలాంటి కార్యక్రమాల ప్రకటన వేసేటప్పుడు తేదీ, టైమ్ పక్కనే ర్యాంప్ ఉందా, వీల్‌చైర్ పట్టే టాయ్‌లెట్ ఉందా, సైగల భాష ఉందా అనేది కూడా వెయ్యండి. నిర్వాహకులు రాసి ఇవ్వకపోతే ఫోన్ చేసి అడిగి మరీ వెయ్యండి, రెండోసారి వాళ్ళే రాసి పంపిస్తారు.

ఇట్లు,
మీ పాఠకురాలు